పాపారాయుడి విగ్రహం దగ్గర కలిసిన పెద్దాయనకు

గత ఆదివారం ఉదయం బొబ్బిలిలో తాండ్ర పాపారాయుడి విగ్రహం దగ్గర మాకు సాయపడి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దాయనకు ఈ కృతజ్ఞతలు. మా అమ్మాయికి ఆ వీరుణ్ణి చూపిద్దామని తీసుకెళ్తే, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ దిమ్మెను సగం కప్పేసి ఉంది. మిగతా సగం మీద దుమ్ము, ఎండిపోయిన దండ తాలూకు నార తప్ప ఏమీ కనిపించలేదు. మేము వెనుదిరగబోతుండగా మీరు సైకిలు ఆపి, ఫ్లెక్సీకి కట్టిన తీగను ఓపికగా విప్పి పక్కకు జరిపి, భుజం మీది తువ్వాలును మా సీసాలోని నీళ్లతో తడిపి ఒక్కొక్క అక్షరమే తుడిచారు. "చింపితే గొడవలు బాబూ" అన్నారు. ఆ లౌక్యం నాకు తట్టేది కాదు.

అంతకంటే పెద్ద సాయం, మీరు పాపకు చెప్పిన కథ. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూలుస్తున్నప్పుడు పాపారాయుడు రాజాంలో ఉన్నాడని, ఆయన చేరుకునేసరికే అంతా ముగిసిపోయిందని, ఆ తరువాత ఒక రాత్రి, బుస్సీతో కలిసి వచ్చిన విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి చొరబడి ఆయనను చంపాడని చెబుతూ, "విజయనగరం వాళ్లూ మనవాళ్లేనమ్మా" అని ఒక మాట కలిపారు. మాది విజయనగరమేనని మీకు అప్పటికి తెలియదు.

తడి ఆరకముందే తీసుకున్న ఫొటోలో పాపారాయుడి పేరు స్పష్టంగా కనిపిస్తోంది. అంచున మీ సైకిలు చక్రం కూడా పడింది.