సౌదీకి అపోస్టిల్ చాలు

సౌదీ వెళ్లేవారి సర్టిఫికెట్ల అటెస్టేషన్ పేరుతో కొందరు ఏజెంట్లు అనవసరంగా డబ్బు గుంజుతున్నారు. ఒక దేశం పత్రంపై వేసే ‘అపోస్టిల్’ అనే ధ్రువీకరణ ముద్రను మిగతా సభ్య దేశాలు ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలోకి భారత్ 2005లో, సౌదీ 2022లో వచ్చాయి కాబట్టి విదేశాంగ శాఖ అపోస్టిల్ ఉంటే ఎంబసీ ముద్ర అక్కర్లేదు. అపోస్టిల్‌కు ప్రభుత్వ ఫీజు 50 రూపాయలే, విదేశాంగ శాఖ నియమించిన ఏజెన్సీ సర్వీస్ చార్జీ అదనం. యూఏఈ ఆ ఒప్పందంలో లేదు కనుక అక్కడికైతే ఎంబసీ ముద్ర తప్పదు. ఈ తేడా తెలియకనే మా జగిత్యాల వైపు చాలామంది అడిగినంత ఇచ్చేస్తున్నారు. ఒరిజినల్ డిగ్రీ, పెళ్లి సర్టిఫికెట్ అప్పజెప్పి, చేతిలో రసీదు కూడా లేక, వీసా గడువు దాటిపోతుందన్న టెన్షన్‌తో ఏజెంటు ఫోన్ ఎత్తుతాడేమోనని ఎదురుచూస్తున్నారు. ఇది చాలా అన్యాయం. ఏ దేశానికి ఏ ముద్ర కావాలో, దేనికి ఎంత ఫీజో ప్రతి మీసేవ కేంద్రంలో తెలుగులో బోర్డు పెట్టాలి. కలెక్టరేట్‌లోనే పత్రాలు తీసుకుని, రసీదు ఇచ్చి, హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ కార్యాలయానికి పంపించే ఏర్పాటు ప్రభుత్వం వెంటనే చేయాలి.

– ఒక పాఠకుడు, జగిత్యాల