ప్రయోగాల రికార్డుకు మార్కులు వేసే తీరు మారాలి

సంపాదకుడు గారికి,

ఫీజులతో నడిచే స్వతంత్ర పాఠశాలలు తమ గురించి చెప్పుకునేటప్పుడు ‘అన్వేషణ పద్ధతిలో సైన్సు’ (అంటే పిల్లలే ప్రశ్న వేసుకుని, ప్రయోగం చేసి తెలుసుకోవడం) అనడం బాగా పెరిగింది. మంచిదే. నేను అలాంటి ఒక పాఠశాలలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. రికార్డుకు మార్కులు వేసే తీరు మార్చకుండా ఈ పద్ధతి తెచ్చామని ఏ పాఠశాలా చెప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

దారానికి గుండు కట్టి ఊపే లఘులోలకం ప్రయోగమే తీసుకోండి. గురుత్వ త్వరణం 9.8 రావాలని పిల్లలకు ల్యాబ్‌లోకి రాకముందే తెలుసు. 20 డోలనాలకు పట్టిన కాలం కొలిచి, లెక్క కడితే 9.4 వచ్చిందనుకోండి. రబ్బరుతో చెరిపేసి, కాలం కాస్త తగ్గించి, 9.8 వచ్చేలా రాసేస్తారు. టీచరు టిక్కు పెడతారు, మార్కులు పడిపోతాయి. ఇందులో పిల్లలను తప్పుపట్టడానికి ఏమీ లేదు. మార్కు ఎక్కడ వస్తుందో అక్కడికే వెళ్తున్నారు.

ఆ 9.4ను చెరపనివ్వకుండా ‘ఎందుకొచ్చింది?’ అని అడిగితే ఏమవుతుందో మా తరగతిలో చూశాను. స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యమైందని ఒక జట్టు ముందు అనుకుంది. మళ్ళీ కొలిచారు, మళ్ళీ అంతే. పొడవు మార్చి చూద్దామని ఒకమ్మాయి అంది. 25 సెంటీమీటర్ల లోలకాన్ని మీటరుకు పెంచితే విలువ 9.7కు వచ్చింది. పొడవు పెరిగేకొద్దీ తేడా తగ్గుతోందంటే, ప్రతిసారీ ఒకే మేర ఏదో తక్కువ కొలుస్తున్నామన్నమాట! స్కేలు పెట్టి పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తే దొరికింది. గుండు కేంద్రం దాకా కొలవాల్సింది, గుండు పై అంచు దగ్గరే ఆపేశారు. ఆ ఒక్క సెంటీమీటరు 25లో నాలుగు శాతం, 100లో ఒక్క శాతం. లోలకం పొడవంటే గుండు కేంద్రం వరకు అన్న వాక్యం పుస్తకంలో వాళ్ళు చదివిందే. దానితో పనేమిటో మాత్రం ఆ రోజే తెలిసింది.

ఇలా అయితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని తల్లిదండ్రులకు టెన్షన్. అది న్యాయమైన ప్రశ్నే. రెండు పీరియడ్లు కలిపి ఇచ్చినా ఈ ఒక్క ప్రయోగానికి సరిపోలేదు. పైగా, కొత్తగా నేర్చుకునేవాళ్ళను పెద్దగా సాయం లేకుండా వదిలేస్తే నేర్చుకునేది తక్కువని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు 2006లోనే వాదించారు. పదిహేనేళ్ల పిల్లలకు అనేక దేశాల్లో పెట్టే పిసా పరీక్షల్లో కూడా 2015లో, తరగతిలో అన్వేషణ పద్ధతి బోధన తరచూ జరుగుతుందని చెప్పిన పిల్లలకు చాలా దేశాల్లో స్కోరు తక్కువే వచ్చింది. కారణం బోధనేనని ఆ లెక్కలు తేల్చలేవు కానీ, వాటిని పక్కన పెట్టేయడం కూడా సరికాదు. పరమాణు నిర్మాణాన్ని పిల్లలే కనిపెట్టాలని కూర్చోబెడితే కాలం వృథా. దాన్ని చక్కగా వివరించి చెప్పాల్సిందే.

అయితే అన్వేషణ అంటే వదిలేయడం కాదు. బాంచి, బెల్ అనే సైన్సు విద్యా నిపుణులు 2008లో దీన్ని నాలుగు మెట్లుగా చెప్పారు. మొదటి మెట్టులో తెలిసిన ఫలితాన్ని సరిచూస్తారు. రెండోదానిలో ప్రశ్నా, చేసే విధానమూ టీచరే ఇస్తారు కానీ ఫలితం చెప్పరు. మూడోదానిలో ప్రశ్న మాత్రమే ఇస్తారు. నాలుగోదానిలో ప్రశ్న కూడా పిల్లలదే. మన ల్యాబ్ పీరియడ్లు ఏళ్ల తరబడి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. సైన్స్ ఫెయిర్ వచ్చేసరికి పిల్లలను ఒక్కసారిగా నాలుగో మెట్టు మీద నిలబెడతాం. వాళ్ళు తడబడితే ఇంట్లో పెద్దలు మోడల్ చేసిపెడతారు. నడుమ ఉన్న రెండు మెట్లే అసలైన పని. ఎక్కడ సూచన ఇవ్వాలో, ఎక్కడ నోరు మూసుకుని ఆగాలో టీచరుకు తెలియాల్సింది అక్కడే. ఆ నేర్పు ఒక రోజు శిక్షణతో రాదు.

స్వతంత్ర పాఠశాలలకు ఇందులో ఒక వీలుంది. పబ్లిక్ పరీక్షలు లేని తరగతుల్లో టైమ్‌టేబుల్, అంతర్గత మార్కులు చాలావరకు వాళ్ళ చేతిలోనివే. అందుకే యాజమాన్యాలను కోరుతున్నాను: రికార్డు మార్కుల్లో కనీసం సగం దిద్దని రీడింగులకు, తేడా ఎందుకొచ్చిందో రాసినదానికి, దాన్ని తేల్చడానికి చేసిన రెండో ప్రయత్నానికి ఇవ్వండి. ఫలితం పుస్తకంలోని విలువకు దగ్గరగా ఉందా అన్నదానికి తక్కువ చాలు. వారానికి ఒక్కసారైనా ల్యాబ్‌కు రెండు పీరియడ్లు కలిపి ఇవ్వండి.

తల్లిదండ్రులకూ ఒక మాట. పాఠశాల చూడటానికి వెళ్ళినప్పుడు ల్యాబ్‌లోని పరికరాలతో పాటు ఒక పిల్లాడి రికార్డు కూడా చూపించమనండి. ఎక్కడా ఒక్క కొట్టివేత కూడా లేకపోతే ఎందుకు లేదో అడగండి. పద్ధతి మార్చిన మొదటి ఏడాది రికార్డు మార్కులు తగ్గే అవకాశం ఉంది. ఆ తగ్గుదలను మాత్రం టీచరు ఖాతాలో వేయకండి.

ఇట్లు,
ఒక హైస్కూలు భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు