హోం పిల్లల ప్రయాణం ఎవరి పూచీ?

సంపాదకులకు నమస్కారం.

బాలల హోముల వాహనాలకు నిబంధనలు పెట్టాలంటూ పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. రాయకూడదనే అనుకున్నాను గానీ నాలుగు రోజులకు మించి ఊరుకోలేకపోయాను. ఒక హోంలో పదకొండేళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. కొత్త నిబంధనలు సరే, ఉన్నవి ఎవరైనా తెరిచి చూశారా?

జువెనైల్ జస్టిస్ చట్టం, 2015. అందులో 95వ సెక్షన్. వేరే జిల్లా పిల్లల్ని సొంత జిల్లాకు పంపమని బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ఆర్డరేస్తే 15 రోజుల్లో పోలీసుల బాలల విభాగం దగ్గరుండి తీసుకెళ్లాలి. ఆడపిల్లయితే మహిళా పోలీసు ఉండి తీరాలి. పోలీసులు లేకపోతే ఆ పని హోంకో జిల్లా బాలల రక్షణ విభాగానికో అప్పజెప్పాలి. వెంట వెళ్లేవాళ్ల దారి ఖర్చులు ముందుగానే చెల్లించాలి. ముందుగానే! మా ఆయమ్మ మాత్రం ఎప్పుడూ సొంత డబ్బుతోనే బస్సెక్కేది. తర్వాత టీఏ బిల్లు కోసం నెలల తరబడి తిరిగేది. టికెట్లు సరిగా అంటించలేదని ఓసారి, సంతకం కింద తేదీ లేదని ఇంకోసారి వెనక్కొచ్చేది.

కిందటి నెల బస్సులో నా పక్క వరసలో పన్నెండేళ్ల పిల్ల కూర్చుంది. వెంట ఒక్క మగమనిషి, అంతే. కండక్టరు టికెట్ అడిగితే "హోం పిల్లండీ, కేసులో దొరికింది" అన్నాడు, బస్సంతా వినబడేలా. ఫైలు ఒళ్లో తెరిచే ఉంది, పిల్ల ఫొటో పైకి కనబడుతూ. ఆ పిల్ల బట్టల కవరు ముడి విప్పడం, మళ్లీ వేయడం, దిగేదాకా అదే పని. ఆ వివరాలే మీరు పత్రికలో వేస్తే అదే చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. బస్సులో కేకేసి చెబితే ఏమీ లేదు కాబోలు.

స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే తల్లిదండ్రులు గేటు దగ్గర నిలదీస్తారు. ఈ పిల్లల తరఫున అడిగేదెవరు? తల్లీతండ్రీ ప్రభుత్వమేనని ఉపన్యాసాల్లో వింటుంటాం. ఆ తల్లిదండ్రుల తరఫున తనిఖీకొచ్చే అధికారులకు కారుంటుంది, డ్రైవరుంటాడు. వాళ్లొచ్చే రోజున మంచాల మీద కొత్త దుప్పట్లు పరుస్తాం, కారు గేటు దాటగానే మడిచి బీరువాలో పెడతాం. నేనూ పెట్టాను, దాచడమెందుకు.

మా ఆయమ్మ కూడా ఈమధ్యే రిటైరైంది. రెండు టీఏ బిల్లులు ఇంకా రావాలి.

— ఒక రిటైర్డ్ హోం ఉద్యోగిని