కట్టు మారిస్తే చాలదు, బరువు తీయాలి

సంపాదకుల వారికి,

షుగరు మాత్రల కోసం నెలనెలా ఆరోగ్య కేంద్రానికి వచ్చేవాళ్లకి బీపీ చూస్తున్నారు, వేలు గుచ్చి రక్తం చూస్తున్నారు. చెప్పులు విప్పమనేది మాత్రం ఎక్కడో ఒకచోట.

షుగరు వల్ల పాదం మొద్దుబారిందో లేదో తెలుసుకోడానికి పరికరం కూడా అక్కర్లేదు. రోగిని కళ్లు మూసుకోమని, రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలి కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు, తట్టకూడదు. ఆరింటిలో రెండు తెలియలేదంటే స్పర్శ పోయినట్టే. ‘తగులుతోందా?’ అని అడిగితే చాలామంది మొహమాటానికైనా అవునంటారు; తగిలినప్పుడు మీరే చెప్పండి అనాలి. 2021 ఆగస్టు నుంచి తమిళనాడులో నడుస్తున్న ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఇంటికి మాత్రలు తెచ్చే అమ్మాయిలు గడప దగ్గరే ఈ పని చేసేయొచ్చు. స్పర్శ చూసే, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఉన్నచోట దాన్ని ఆనెకాయ మీద పెట్టకూడదు, మంచి కాలికైనా అక్కడ తెలియదు. పదిమందికి వాడాక 24 గంటలు పక్కన పెట్టాలి. లేకపోతే మెత్తబడి తక్కువ ఒత్తిడికే వంగుతుంది.

ఆనెకాయ కింద నల్లమచ్చ కనిపిస్తే అది లోపల కారిన రక్తం, పుండుకు ముందు మెట్టు. శిక్షణ ఉన్న నర్సు బ్లేడుతో పొరలు పొరలుగా చెక్కేస్తే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. మెడికల్ షాపులో దొరికే ఆనెల ప్లాస్టరు మాత్రం వద్దు. అందులోని సాలిసిలిక్ ఆమ్లం పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది, ఆ మంట రోగికి తెలియదు.

పుండు పడ్డాక అసలు పొరపాటు మొదలవుతుంది. రోజూ కట్టు మారుస్తారు, రోగి అదే కాలితో నడిచి ఇంటికి పోతాడు. బొటనవేలి మొదట్లో పుండు ఉంటే అడుగడుగుకీ అదే చోట నలిగి, కొత్తగా వచ్చిన ఎర్రకండ చితికిపోతుంది. నొప్పి లేదు కాబట్టి కుంటను కూడా కుంటడు. మొదట పాదం పైన, లోపలి చీలమండ వెనక నాడి చూడాలి. నాడి బాగుండి చీము లేకపోతే మోకాలి కింది వరకు వేసే, పుండు మీది బరువు తీసే, రోగి విప్పుకోలేని సిమెంటు కట్టు అన్నిటికన్నా మేలు. అది కుదరనిచోట పుండు దగ్గర ఖాళీ వదిలి చుట్టూ మందపాటి ఫెల్ట్ (అదిమిన ఉన్నిబట్ట) అంటించాలి. తొక్కీ తొక్కీ కొద్ది రోజుల్లోనే అణిగిపోతుంది గనక మారుస్తూ ఉండాలి. ఎరుపు, వాపు, వేడి, చీము లేని పుండుకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. పొడవు వెడల్పులు ప్రతివారం రాసిపెట్టి, నాలుగు వారాల్లో సగానికి తగ్గకపోతే పెద్దాసుపత్రికి పంపాలి. ఎరుపు 2 సెంటీమీటర్లు దాటినా, జ్వరం ఉన్నా, వేలు నల్లబడినా, పుండులో ఎముక తగిలినా అదే రోజు పంపాలి.

పెరటాసి నెలలో (సెప్టెంబరు–అక్టోబరు) ఇక్కడినుంచి తిరుమలకు వట్టికాళ్లతో నడిచేవాళ్లకి ఓ మాట. స్పర్శ పోయిన కాలికి తారురోడ్డు వేడి తెలియదు, రాత్రికి బొబ్బలే చెబుతాయి. దారిలో బూట్లు వేసుకుంటే స్వామి ఏమీ అనుకోడు.

మానిన పుండ్లలోనూ 100కి 40 దాకా ఏడాదిలోపే తిరగబెడతాయి. అలాంటివాళ్లని ఒకటి నుంచి మూడు నెలలకోసారి చూడాలి, ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులివ్వాలి. వాటికి మడమ వెనక పట్టీ ఉండి తీరాలి, స్పర్శ లేని కాలినుంచి చెప్పు జారిపోయినా తెలియదు. మాత్రల జాబితాలో ఈ చెప్పులు, ఫెల్ట్, బ్లేడ్లు కూడా చేర్చమని ఆరోగ్య శాఖను కోరుతున్నాం.

– పాద సంరక్షణ నర్సులు, కొరుక్కుపేట, చెన్నై