పౌండు సంగతి తేల్చండి సార్: స్కాట్లాండ్ ప్రథమ మంత్రికి బహిరంగ లేఖ (2014)

అలెక్స్ సాల్మండ్ గారికి,

గ్లాస్గో నుంచి ఒక తెలుగువాడి నమస్కారాలు. స్కాట్లాండ్ బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని ఈ సెప్టెంబర్ 18న ఓటెయ్యమని వచ్చిన పోల్ కార్డు మా ఫ్రిజ్‌కి అతికించి ఉంది. కామన్వెల్త్ దేశం వాణ్ణి కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నా ఓటిచ్చారు. సంతోషం. ఫిబ్రవరిలో లోక్‌సభ తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయిన వేళ మా రాష్ట్రాన్ని విడగొట్టినప్పుడు నన్నెవరూ అడగలేదు. మీరు అడుగుతున్నారు. "నువ్వెక్కడుంటే అక్కడ విడగొడతారేంట్రా" అని తెనాలి నుంచి అమ్మ ఫోన్లో ఒకటే నవ్వు.

నిజానికి నా మొగ్గు విడిపోదామనే మీ వైపే ఉండేది. లండన్ 2012లో ఎత్తేసిన పోస్ట్ స్టడీ వర్క్ వీసా మళ్ళీ తెస్తామన్నారు. చదువయ్యాక ఉద్యోగం దొరక్క పెట్టె సర్దుకున్న మన పిల్లల్ని ఎయిర్‌పోర్టులో దింపొచ్చినవాణ్ణి, ఆ మాట విలువ నాకు తెలుసు. ఇక్కడి 59 ఎంపీ సీట్లలో ఒక్కటంటే ఒక్కటి గెలిచిన పార్టీ ప్రధాని మనల్ని ఏలడం ఏంటన్న బాధా అర్థమవుతుంది.

కానీ పౌండు మాటేంటి సార్?

670 పేజీల శ్వేతపత్రం వేశారు. పౌండునే ఉమ్మడిగా వాడుకుంటాం అన్నారు. కుదరదని బ్రిటన్ ఆర్థికమంత్రి ఆస్బోర్న్ గారు ఫిబ్రవరిలో ఎడిన్‌బరో వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. ఉత్తుత్తి బెదిరింపు అన్నారు మీరు. ఆగస్టు 5 డిబేట్లో పౌండు ఇవ్వకపోతే ప్లాన్ బి ఏదని, కలిసుందామనే పక్షం నాయకుడు డార్లింగ్ గారు అడిగితే దాటేశారు. 25న మళ్ళీ అడిగితే ఒకటి కాదు, మూడున్నాయన్నారు. మూడిట్లో నాకు వచ్చేది ఏది?

నా ఇంటి లోన్ ఇంకా ఇరవై రెండేళ్ళుంది, పౌండ్లలో. రేపు జీతం కొత్త కరెన్సీలో వచ్చి, దాని విలువ పడిపోతే ఆ తేడా ఎవరు కడతారు? అడక్కుండానే పౌండు వాడుకుంటామంటే, బ్యాంకులు మునిగినప్పుడు ఆదుకునేదెవరు? 2008-09లో మన ఎడిన్‌బరో బ్యాంకు ఆర్‌బీఎస్‌ని (రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్) నిలబెట్టడానికి లండన్ ఖజానా 45 బిలియన్ పౌండ్లు పోసింది. ఇదే అడుగుతూ ఒక ఆఫీసుకు మూడు మెయిళ్ళు పెట్టాను. పేరు చెప్పను, వాళ్ళ టెన్షన్లు వాళ్ళవి. మూడిటికీ "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒకటే జవాబు. అయ్యా, నేను చెప్పింది అభిప్రాయం కాదు, నా ఈఎంఐ.

అవతలివాళ్ళు, అదే లండన్ సర్కారు, మాత్రం తక్కువా? మే 28న, ఒకే రోజున, విడిపోతే పదిహేనేళ్ళలో మనిషికి ఏడాదికి 1,000 పౌండ్ల లాభమని మీరు, కలిసుంటే 1,400 లాభమని వాళ్ళు. ఆ 1,400తో పది వారాలు చేపలూ చిప్సూ తినొచ్చని వాళ్ళు లెగో బొమ్మలు పెట్టి మరీ చూపించారు. రెండూ కలిపి 2,400 చేతిలో పెట్టండి, ఏ గొడవా లేకుండా ఓటేసి పోతా.

నాకు కావాల్సింది కాగితం సార్. మా ఆంధ్రకు ప్రత్యేక హోదా అని రాజ్యసభలో నోటితో చెప్పారు, చట్టంలో రాయలేదు. ఆరు నెలలు దాటింది, ఇంకా అడుగుతూనే ఉన్నాం. హైదరాబాద్ పదేళ్ళు ఉమ్మడి అని రాసుకున్నాక కూడా ఏ ఆఫీసు ఎవరిదో, ఏ ఫైలు ఎవరిదో అని కొట్టుకుంటున్నారు. రాసినదాని గతే అది. మరి రాయనిదో?

పౌండా, కొత్త నోటా, యూరోనా? ఏదో ఒకటి, దయచేసి ఒక్కటే, 17 రాత్రిలోగా చెప్పండి. 18న బూత్ ఏడింటికే తెరుస్తారు. నైట్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వస్తాను.

ఇట్లు,
ఇంకా ఎటూ తేల్చుకోని ఒక ఓటరు