ఇన్‌విజిబుల్ ఫెన్స్ ఇక మా షాపులో అమ్మం: ఎందుకో మా నోటే వినండి

కస్టమర్లందరికీ నమస్కారం.

కుక్కలు హద్దు దాటి పోకుండా నేలలో తీగ పూడ్చి పెట్టే ఇన్‌విజిబుల్ ఫెన్స్ సెట్లు ఇకమీద మా షాపులో దొరకవు. మా దగ్గర కొన్నవాళ్లు వెనక్కి తెస్తే తీసుకుని డబ్బు ఇచ్చేస్తాం. డాగ్ ఫుడ్, బెల్టులు, స్నానాలు, కటింగ్ అన్నీ ఎప్పటిలాగే నడుస్తాయి.

ఈ నాలుగు ముక్కలు బోర్డు మీద రాసి అంటిస్తే సరిపోయేది. కానీ అనంతపురంలో మాట వేరేగా తిరుగుతోంది. మొన్న టవర్ క్లాక్ దగ్గర ఒకాయన, ఏళ్లుగా మా దగ్గరే కొనే మనిషి, "ఏమప్పా, కుక్కలకు కరెంటు పెట్టి దుడ్లు చేసుకుంటాండావంట?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ నాకు గట్టిగానే తగిలింది. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

ముందు ఆ కరెంటు సంగతి. చాలామంది దీన్ని తోటల చుట్టూ అడవి పందుల కోసం కట్టే సోలార్ ఫెన్సింగ్ అనుకుంటున్నారు. అందులో తీగలోనే షాక్ ఉంటుంది, పందికి తగిలినా మనిషికి తగిలినా కొడుతుంది. ఇందులో తీగలో పోయేది చిన్న రేడియో సిగ్నల్. పొరపాటున చేత్తో పట్టుకున్నా ఏమీ కాదు. ఇంట్లో ప్లగ్గుకు పెట్టిన డబ్బా ఆ సిగ్నల్ పంపుతుంది, కుక్క మెడలోని కాలర్ దాన్ని పట్టుకుంటుంది. తీగ దగ్గరికి రాగానే కాలర్ బీప్ కొడుతుంది. అయినా ముందుకు పోతే కాలర్‌కు ఉన్న రెండు పిన్నులు మెడకు షాక్ ఇస్తాయి. అది కాలర్ బ్యాటరీ షాక్. బీప్ వినగానే వెనక్కి తిరగడం కుక్కకు అలవాటైతే ఇక షాక్ దాకా పోయే పనే ఉండదు. బీప్ లేకపోతే ఈ వస్తువుకు అర్థమే లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఈ సెట్లు మాకు పంపిన సప్లయర్ చేసిన పని ఏమిటో అర్థం కావాలంటే ఇది తెలియాలి.

ఇంతకీ ఇది పనిచేస్తుందా? పనిచేస్తుంది. అమ్మడం మానేశాక కూడా ఇదే చెప్తాను. హద్దు పొడవునా చిన్న జెండాలు పాతి, కుక్కను తాడు పట్టుకుని రెండు మూడు వారాలు రోజూ తిప్పి, బీప్ రాగానే వెనక్కి లాగి మెచ్చుకుంటూ నేర్పితే, మెత్తని స్వభావం ఉన్న ల్యాబ్రడార్ లాంటివి బుద్ధిగా ఉంటాయి. బుక్కరాయసముద్రం వైపు ఒక ఫామ్‌హౌస్‌లో రెండు ల్యాబ్‌లు ఉన్నాయి. ఇప్పుడు వాటి మెడలో కాలర్ లేకపోయినా ఆ గట్టు దాటవు.

అలాగని పూర్తిగా దీన్నే నమ్ముకోవద్దని అమ్మేటప్పుడే చెప్పేవాణ్ణి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల సర్వే ఒకటి 2017లో అమెరికా పశువైద్యుల సంఘం జర్నల్‌లో వచ్చింది. ఇలాంటి ఎలక్ట్రానిక్ ఫెన్స్ ఉన్న కుక్కల్లో 44 శాతం ఎప్పుడో ఒకప్పుడు తప్పించుకుని పోయినవే. మామూలు కంచె ఉన్నవాటిలో అది 23 శాతం. ఆ అంకెలు తెలుగులో రాసి కౌంటర్ అద్దం మీద అంటించాను. అది చదివి కొనకుండా పోయినవాళ్లూ ఉన్నారు. దుడ్ల కోసమే అమ్మేవాడు ఆ కాగితం అంటిస్తాడా?

ఎందుకు తప్పించుకుంటాయంటే, పిల్లి కనపడి పరుగు అందుకున్న కుక్కకు ఒళ్లు తెలియదు. షాక్ తగిలేసరికి అది హద్దు అవతల ఉంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. ఉడుకు చల్లారాక ఇంటికి రావాలంటే మళ్లీ అదే తీగ దాటాలి, అప్పుడు భయం. సాయినగర్‌లో ఒక బీగిల్ గేటు బార్లా తెరిచి ఉన్నా రోడ్డు పక్కనే కూర్చుని, లోపలున్న ఇంటావిడను చూస్తూ మూలిగింది. కాలర్ విప్పి ఎత్తుకొస్తే గానీ లోపలికి రాలేదు.

ఇంకోటి, ఇది అమెరికాలో పుట్టిన వస్తువు. 1970ల్లో రిచర్డ్ పెక్ అనే ఆయన కనిపెట్టాడు. అక్కడ చాలా ఇళ్లకు ప్రహరీ ఉండదు, కొన్ని కాలనీల్లో కంచె కడతామన్నా ఒప్పుకోరు. మన దగ్గర మూడు సెంట్ల స్థలానికి కూడా ముందు ప్రహరీ లేపి ఆ తర్వాతే ఇల్లు కడతారు. మనకు భయం లోపలి కుక్క గురించే కాదు, బయటి నుంచి వచ్చేవాటి గురించి కూడా. వీధికుక్కల మెడలో కాలర్ ఉండదు కదా, అవి దర్జాగా నడిచొస్తాయి. గుంపుగా వచ్చి మీద పడితే మన కుక్క పారిపోవడానికి కూడా ఆ తీగే అడ్డం. కళ్యాణదుర్గం వైపు చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే చోటి నుంచి వచ్చి అడిగినవాళ్లకు నేను ఒక్క సెట్ కూడా ఇవ్వలేదు. రాతి కూసాలు పాతి చైన్ లింక్ మెష్ కట్టించుకోండి, రాత్రిపూట కుక్కను లోపల పడుకోబెట్టండి అని చెప్పి పంపించాను.

తోటల్లో ఇంకో తలనొప్పి. చీనీ చెట్ల మధ్య గొర్రు తోలితే తీగ తెగుతుంది. బోరు మోటారు కేబుల్ పక్కనే తీగ పరిస్తే సిగ్నల్ ఆ కేబుల్‌లోకి పాకి, కుక్కకు హద్దు కాని చోట కూడా షాక్ తగలొచ్చు. కరెంటు పోతే డబ్బా పడుకుంటుంది, ఇన్వర్టర్‌కు కలపాలి. ఇవన్నీ దగ్గరుండి చూపించి, కేబుల్ అడ్డం వస్తే అడ్డంగా దాటించి వేయించినవే మా సెట్లు.

ఇక సప్లయర్ సంగతి. పేరు రాయను. బెంగళూరు నుంచి తెప్పించేవాళ్లం. మొదటి లాట్ బ్రహ్మాండంగా ఉంది. రెండో లాట్ కూడా అదే అట్టపెట్టె, అదే బొమ్మ, అదే రేటు. లోపల మాత్రం వేరే వస్తువు. బ్యాటరీ మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు రింగు కొన్నింటికి పలచగా ఉంది, కొన్నింటికి లేనే లేదు.

మా షాపు వెనక నేలలో తీగ ఒక చుట్టు పూడ్చి పెట్టుకున్నాను. ప్రతి కాలర్‌నూ అక్కడ చూశాకే అమ్మేది. సెట్‌తో పాటు చిన్న నియాన్ బల్బు వస్తుంది. దాని రెండు కాళ్లను కాలర్ పిన్నులకు ఆనించి, కాలర్‌ను కుక్క మెడ ఎత్తులో పట్టుకుని తీగ వైపు నడవాలి. ముందు బీప్ వినపడాలి, ఇంకాస్త ముందుకు పోతే బల్బు మినుకుమనాలి. రెండో లాట్‌లో మొదటి కాలర్ పట్టుకుని నడిచాను. బీప్ లేదు, బల్బు టక్కున వెలిగింది. నాకే చెవి పట్టలేదేమో అనుకుని షాపులో కుర్రాణ్ణి పిలిచాను. వాడు నడిచినా అంతే. అంటే కుక్కకు హెచ్చరిక ఉండదు, నేరుగా షాకే. అలాంటివన్నీ పక్కన పెట్టి, పరీక్షలో బాగున్నవే అమ్మాను. అయితే ఆ బాగున్నవాటిలోనూ కొన్ని మొదటి వానకే బీప్ పోగొట్టుకున్నాయి. మూత సందులోంచి నీళ్లు దిగాయి.

అలా బీప్ లేని షాక్ తగిలిన ఒక జర్మన్ షెపర్డ్ ఇప్పుడు వాకిట్లోకి రమ్మంటే మెట్ల కిందికి దూరుతోంది. ఎక్కడ నొప్పి పుడుతుందో తెలియని కుక్కకు వాకిలంతా హద్దే. ఆ ఇంటివాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సప్లయర్‌కు ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? కుక్కకు ట్రైనింగ్ సరిగా ఇచ్చుండరు అన్నాడు. నాకు, ట్రైనింగ్! మూత విప్పి వీడియో తీసి పంపితే, వానలో తడవనివ్వకూడదు సార్ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. అట్టపెట్టె మీద వాటర్‌ప్రూఫ్ అని వేలెడు అక్షరాలతో ఉంది. ఆ అక్షరాలను ఫోటో తీసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. కొన్నాళ్లకు వాడే ఫోన్ చేసి, తర్వాతి లాట్‌కు డిస్కౌంట్ ఇస్తా, ఇది వదిలేయండి అన్నాడు. పాడైన సరుకు వెనక్కి తీసుకోడట, దాని బదులు ఇంకొంత సరుకు నేను కొనాలట. ఏం తెలివి! ఆ లాట్ అట్టపెట్టెలతో సహా మా గోడౌన్‌లోనే ఉంది. నేను అమ్మను, వాడు తీసుకోడు.

నాకు నిద్ర పట్టనిది వేరే విషయంలో. మొదటి లాట్‌లోని మంచి సెట్లు ఇంకా ర్యాక్‌లో ఉన్నాయి. వాటిని ఏం చేయాలి? లెక్కలు చూసేది మా ఆవిడ. "బాగున్నవాటిని కూడా ఎందుకు ఆపడం? అడిగి మరీ కొంటున్నారు కదా" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. నేనూ కొన్నాళ్లు అటే మొగ్గాను. కానీ కాలర్ ఎన్నాళ్లుంటుంది? కుక్క కొరుకుతుంది, పిన్నులు అరుగుతాయి, ఎప్పుడో ఒకప్పుడు కొత్త కాలర్ కావాలి. అప్పుడు మళ్లీ వాడి గుమ్మమే తొక్కాలి. స్పేరు దొరకని వస్తువును మీ చేతిలో పెట్టి, తర్వాత మీరు ఫోన్ చేసినప్పుడు నీళ్లు నమలడం నా వల్ల కాదు. ర్యాక్‌లోవి కూడా దించేశాను.

అంతకన్నా కష్టమైంది, ఏ ఇబ్బందీ లేకుండా వాడుకుంటున్నవాళ్లకు ఫోన్ చేయాలా వద్దా అన్నది. చేస్తే లేనిపోని భయం, పైగా ఊళ్లో ఆ మాటకు నేనే ఆజ్యం పోసినట్టు. చేయకపోతే రేపు ఏ కాలర్ బీప్ పోతుందో తెలియదు. చివరికి పుస్తకం తీసి వరసగా అందరికీ చేశాను. కొందరు ఎత్తలేదు, ఇది వాళ్లకోసం కూడా రాస్తున్నది.

వాట్సాప్ గ్రూపులో నన్ను క్రూరుడని రాసినవాళ్లకు ఒక్క మాట. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010 నుంచి షాక్ కాలర్లు నిషేధం, నిజమే. అక్కడివాళ్ల వాదన నాకూ తెలుసు, అందులో పస ఉంది. ఆరు నెలలు నిండని కుక్కపిల్లలకు, బెదిరే కుక్కలకు, కరిచే కుక్కలకు నేను ఎవరడిగినా ఇవ్వలేదు. కానీ అది రాసినాయన ఇంట్లో రాట్‌వీలర్ పొద్దున్నుంచి రాత్రిదాకా రెండడుగుల గొలుసు మీదే ఉంటుంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ చదవమనండి. కుక్కను పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, తిప్పకపోవడం కూడా అందులో నేరమే. గొలుసులు మా షాపులోనూ ఉన్నాయి, ఇకనుంచి పొట్టివి అమ్మను. కోపంతో తీసుకున్న నిర్ణయమే, అయినా మార్చను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈరోజే కాలర్‌కు బల్బు పెట్టి నడిచి చూడండి. బీప్ రాకపోతే వెంటనే మెడలోంచి తీసేయండి. బాగున్నా సరే, రాత్రి విప్పేయాలి, పది పన్నెండు గంటలకు మించి ఉంచితే పిన్నులు నొక్కుకుని పుండు పడుతుంది. బొచ్చు కుక్కలకైతే చేత్తో వెతికి చూడండి, పైకి కనపడదు. పుండు ఉంటే పశువుల డాక్టరుకు చూపించండి, ఆ బిల్లు నాకు ఇవ్వండి.

కాలర్, ప్లగ్గుకు పెట్టే డబ్బా తెస్తే చాలు. తీగ తవ్వి తీయనక్కర్లేదు, నేలలో ఉంటే ఏ హానీ లేదు. రసీదు పోయినా పర్వాలేదు, మీ కుక్క పేరు మా పుస్తకంలో ఉంది. డబ్బు ఒకేసారి అందరికీ ఇవ్వలేను, వచ్చిన వరసలో ఇస్తాను, పూర్తిగా ఇస్తాను. బదులుగా కంచె కట్టించుకుంటామంటే కూసాలు పాతేవాళ్ల నంబరు ఇస్తాను, అందులో నాకు కమీషన్ లేదు. గేటు కింద సందు మాత్రం మూయించండి, బీగిల్ అయితే ముందు అక్కడే తవ్వుతుంది.

ఆన్‌లైన్‌లో చవగ్గా కొని రిపేరుకు మా దగ్గరికి తెచ్చేవాళ్లవి మాత్రం ముట్టుకోను. కొన్నచోటే అడగండి.