వార్షిక నివేదిక 2024–25: కొండ గెడ్డల సంరక్షణ, నీటి నిర్వహణలో మన భాగస్వామ్యం

గౌరవ సభ్యులకు నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి, పాతపట్నం మండలాల సవర గిరిజన గూడేల్లో మన సంఘం ఈ ఏడాది చేపట్టిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. మహేంద్రగిరి వైపు నుంచి దిగే గెడ్డల్లో (కొండవాగుల్లో) కొన్ని మహేంద్రతనయ నది ద్వారా బారువ వద్ద సముద్రానికి, మరికొన్ని వంశధారకు చేరుతున్నాయి. రాళ్లు పేర్చి కట్టిన మెట్ల మడుల్లోకి గెడ్డ నీటిని మళ్లించి, పై మడి నుంచి కింది మడికి దించడం సవరల పాత విద్య. ఆ మడులున్న ఊళ్లలో ఊట చుట్టూ చెట్టు కొట్టకూడదన్న కట్టుబాటు, వానలకు ముందే కాలువ బాగుచేసుకునే అలవాటు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ఏడాదిలో ఎక్కువ కాలం ఊటల నమోదుకే పట్టింది. పెద్దల వెంట యువకులు కొండెక్కి, ఒక్కొక్క ఊటకు ఊరివాళ్లు పిలిచే పేరు, వైశాఖంలో దాని ధార తీరు, దాన్ని తాగునీటికి వాడేదెవరు, మడులకు వాడేదెవరు అన్న వివరాలు రాసుకున్నారు. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపానుకు చెట్లు కూలి, గెడ్డలు మేటవేసిన చోట్లను పటంలో వేరుగా గుర్తించారు. కొన్ని ఊటల హద్దుల విషయంలో పక్క ఊరితో ఏకాభిప్రాయం కుదరనందున వాటిని ఖాళీగానే వదిలాం. తొందరపడి గీత గీయడం కంటే అదే మంచిదని కార్యవర్గం భావించింది.

ఈ నమోదుకు చట్టంలో స్థానం ఎక్కడన్న ప్రశ్న పలు సమావేశాల్లో వచ్చింది. షెడ్యూలు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీలకు అప్పగించాలని 1996 నాటి పెసా (షెడ్యూలు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం చెబుతోంది. అయితే జిల్లాలో గిరిజనులు నివసించే ఊళ్లు చాలావరకు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతాల జాబితాలో లేవు కాబట్టి అక్కడ ఆ చట్టం వర్తించదు. 2006 అటవీ హక్కుల చట్టానికి ఈ అడ్డు లేదు. పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడే అధికారం దాని ఐదో సెక్షన్ ద్వారా గ్రామసభకు దక్కింది. చేపలు, ఇతర నీటి ఉత్పత్తులపై సామూహిక హక్కును మూడో సెక్షన్ గుర్తించింది. అందువల్ల ఊటల పటాలను సామూహిక అటవీ వనరుల క్లెయిములకు, అంటే ఫారం-సికి, జతచేయాలని నిర్ణయించాం. కొన్ని గ్రామసభలు తీర్మానాలు చేశాయి, మిగిలినవి చేయవలసి ఉంది.

పూడికతీత పనులు ఉపాధి హామీ కింద సాగాయి. తవ్విన మట్టికి కొలత ఉంది కాని, జారిన రాతికట్టును తిరిగి పేర్చే నేర్పుకు కూలి లెక్కకట్టే కొలత పుస్తకంలో చోటు లేదు. ఆ పని చేసిన పెద్దలకు కూలి తక్కువ పడడం సభ్యులందరికీ తెలిసిన సంగతే.

దిగువ ప్రాంతాలతో సంబంధమే ఈ ఏడాది మన ముందు నిలిచిన అసలు సమస్య. 2024 డిసెంబరులో రాష్ట్రంలో సాగునీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. 1997 చట్టం ప్రకారం ఆ సంఘాల్లో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారిది. గెడ్డ పుట్టే చోట చెట్టును కాచే పోడు రైతుకు, బిందెతో ఊటకు నడిచే ఆడవారికి అందులో ఓటు లేదు. ఉద్దానం కిడ్నీ బాధిత గ్రామాలకు హిరమండలం జలాశయం నుంచి తాగునీరిచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది. ఆ వంశధార నీటిలో కొండ గెడ్డల పాలు కూడా ఉంది. మదుము (నీరు వదిలే తూము తలుపు) ఎత్తేదెప్పుడు, దించేదెప్పుడు అన్న మాట జరిగే చోట ఎగువ ఊళ్లవారు కూడా కూర్చోవాలన్నదే మన కోరిక. శ్రమదానానికి మాత్రమే పిలిస్తే అది భాగస్వామ్యం అనిపించుకోదు.

ఈ సందర్భంగా ఒక అధ్యయన సమావేశంలో న్యూజిలాండ్ ఉదాహరణను చర్చించాం. అక్కడ వాంగనూయి నదికి 2017లో పార్లమెంటు చట్టపరమైన వ్యక్తి హోదా ఇచ్చింది. నది తరఫున మాట్లాడే ఇద్దరిలో ఒకరు మావోరీ తెగల ప్రతినిధి, మరొకరు ప్రభుత్వ ప్రతినిధి. అదే ఏడాది గంగా యమునలకు ఉత్తరాఖండ్ హైకోర్టు ఇచ్చిన ఇటువంటి హోదాపై సుప్రీంకోర్టు స్టే విధించింది. మనం హోదా కోరడం లేదు. ఇద్దరికీ సమాన స్థానమిచ్చే ఆ ఏర్పాటు మాత్రం చిన్న గెడ్డకూ పనికొస్తుందని సభ్యులు అభిప్రాయపడ్డారు.

దీని ఆధారంగా, ప్రతి గెడ్డకు ఎగువ, దిగువ ఊళ్ల నుంచి సమాన సంఖ్యలో సభ్యులతో, వారిలో స్త్రీలు తప్పనిసరిగా ఉండేలా, నీటి వంతుల కమిటీ వేయాలన్న ప్రతిపాదనను కార్యవర్గం సభ ముందుంచుతోంది. జమాఖర్చుల పట్టిక విడిగా అందజేశాం. రెండింటిపైనా సభ్యుల ఆమోదం కోరుతున్నాం.